పిడికిలి కన్నా ముందు పాదం

సాయంత్రం బడి ఆవరణలో తెల్లబట్టల పిల్లలు వరసగా నిలబడితే, గోడ పక్కన నిలబడ్డ నాన్నలకు పెంకులు ఎప్పుడు పగలగొడతారా అని ఆత్రం. షోటోకాన్ కరాటే తరగతిలో రోజూ జరిగేది వేరు: కిహోన్, కటా, కుమితే.

వంగి నమస్కారం, పావుగంట పరుగూ కీళ్లు తిప్పడమూ. ఆ తర్వాత కిహోన్, అంటే కరాటే గుణింతాలు. ముందు నిలబడటం నేర్పుతారు. జెన్‌కుత్సు దాచిలో ముందు మోకాలు వంగుతుంది, వెనక కాలు చాచి మడమ నేలకు అదమాలి. రెండు పాదాలూ ఒకే గీత మీదికి వస్తే చిన్న తోపుకే పడిపోతారు; మధ్యలో తుంటి అంత వెడల్పు వదలాలి. అడుగు మారేటప్పుడు తల పైకి లేవకూడదు.

ఇక పిడికిలి. నాలుగు వేళ్లూ కొసల నుంచి ముడిచి, బొటనవేలిని బయటి నుంచి చూపుడు, మధ్య వేళ్ల మీద బిగించాలి. కొత్తవాళ్లు దాన్ని లోపల దాస్తారు. అలా గుద్దితే విరిగేది అదే! తగలాల్సింది ఆ రెండు వేళ్ల మెటికలు. తుంటి దగ్గర వెల్లకిలా ఉన్న పిడికిలి చివర్లోనే బోర్లా తిరుగుతుంది; అదే క్షణంలో రెండో చెయ్యి వెనక్కి తుంటికి రావాలి. ‘ఇచి, ని, సాన్’ అంటూ లెక్క సాగుతూనే ఉంటుంది. “ఒరేయ్, భుజం దించరా” అని మాస్టారు ఎన్నిసార్లంటారో లెక్కలేదు. చాలామంది పిల్లలు మానేసేది ఈ విసుగులోనే.

కటాలో ఎదుట మనిషి ఉండడు, ఉన్నట్టే కదలాలి. 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్లి ఈ విద్యను చూపిన గిచిన్ ఫునాకోషికి కటాయే ప్రాణం. మొదటిది హెయాన్ షోదాన్: 21 కదలికలు, 9, 17 దగ్గర కియాయ్, అంటే కేక. మొదలుపెట్టిన చోటే ముగియాలి. కాలి కింద సుద్దగీత గీసి చూడండి. జానెడు తేడా వచ్చిందంటే ఎక్కడో ఒక అడుగు కురచైంది.

కుమితేలో జతలు కడతారు. కొట్టేవాడు ఎక్కడ కొడతాడో ముందే చెప్పి ఐదడుగులు ముందుకొస్తాడు. రెండోవాడు ఐదడుగులు వెనక్కి వేస్తూ అడ్డుకుని, ఐదోదానికి తిరిగి గుద్దుతాడు. ఆ గుద్దు పక్కటెముకల ముందు ఆగాలి. ఆగిందా, నమస్కారం. ఇప్పుడు వెనక్కి నడవడం ఇందాక కొట్టినవాడి వంతు.