ఆరుబయటి శిల్పశాల

ఎలమంచిలిలో విశాఖపట్టణమునకు పోవు రైలుబండి నెక్కినచో త్రోవలో అనకాపల్లి తగులును. బెల్లపు వర్తకమునకు పేరుగన్న ఆ పట్టణమునకు కొద్ది దూరముననే శంకరమను గ్రామము కలదు. ఊరి చెంత పచ్చని పొలముల నడుమ రెండు చిన్న కొండలు కనబడును. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. గోడలు లేవు, కప్పు లేదు. అయినను ఆ రెండు కొండలును ఒక గొప్ప శిల్పశాల.

శంకరమను పేరు వినగానే అది శివక్షేత్రమని తోచుట సహజము. కాని సంఘారామమను మాటయే జనుల నోళ్ళలో నలిగి శంకరమైనదని చరిత్రకారులు చెప్పుదురు. సంఘారామమనగా బౌద్ధభిక్షువులు కలసి నివసించి, ధ్యానమును అధ్యయనమును సాగించిన మఠము. అట్లే బుద్ధునికొండ బొజ్జన్నకొండ యైనదట. రెండవ కొండమీద రాతి స్తూపములు బారులు తీరియుండగా, జనులు వానిని శివలింగములనుకొని లింగాలకొండ యనిరి. పేరు పెట్టినవారిని తప్పుపట్ట నేల? చెప్పువారు లేనప్పుడు కంటికి తోచినదే పేరగును.

1907-08 ప్రాంతమున అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు ఇచ్చట త్రవ్వించి, మట్టిలో మరుగుపడిన విహారమును వెలికి తీసెను. సముద్రగుప్తుని బంగారు నాణెమొకటి, తూర్పు చాళుక్యరాజగు కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణెములు, మట్టి ముద్రలు, కుండ పెంకులు బయల్పడెను. సముద్రగుప్తుడు 4వ శతాబ్దమువాడు, విష్ణువర్ధనుడు 7వ శతాబ్దమువాడు. కావున భిక్షువులిచ్చట తరతరములుగా నివసించిరని స్పష్టమగుచున్నది.

ఈ శిల్పుల పని యెట్టిదో తెలియవలెనన్న, ఎలమంచిలికి చేరువనున్న ఏటికొప్పాకను తలచుకొనుడు. అచ్చటి పనివారు అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, లక్క రంగులద్ది బొమ్మలు చేయుదురు. ఒక బొమ్మ చెడినచో వేరొక కఱ్ఱ తీసికొందురు. కొండను తొలుచువానికి ఆ వీలు లేదు. అతడు రాతిని తెచ్చి పేర్చుట లేదు. ఉన్న రాతిలో అక్కఱలేని భాగమును తొలగించుచున్నాడు. ఒక్క ఉలిదెబ్బ తప్పినచో స్తంభమునకు బదులు గుంట మిగులును. బొజ్జన్నకొండలోని పెద్ద గుహయందు ఇట్లు మలచిన స్తంభములు పదునాఱు కలవు. వాని నడుమ, అదే రాతిలో, ఒక స్తూపము నిలిచియున్నది. దాని చుట్టును ప్రదక్షిణము చేయుటకు దారి విడిచిరి. వాకిటి కిరువైపుల ద్వారపాలకులు, పైన ఆసీనుడైన బుద్ధుడు కనబడుదురు. కొండ కొమ్మునగల మహాస్తూపమునకు మాత్రము రాతి పునాదిపై ఇటుకల కట్టడము చేసిరి.

కొండ దిగువ హారీతి యను దేవతామూర్తి కలదు. ఈమె కథ వినదగినది. హారీతి మొదట ఒక యక్షిణి. ఆమెకు ఐదువందలమంది బిడ్డలు. అయినను రాజగృహములోని పరుల బిడ్డలను అపహరించి తినుచుండెడిది. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర క్రింద దాచెను. ఆమె ఏడ్చుచు దిక్కులన్నియు వెదకి, తుదకు ఆయన పాదములపై పడెను. ఐదువందలలో ఒక్కడు కనబడనందుకే నీకింత దుఃఖమైనచో, ఒక్క బిడ్డయే గల తల్లుల మాట యేమని ఆయన యడిగెను. నాటినుండి ఆమె పసిపిల్లలను కాచు దేవత యయ్యెను. భారతదేశమున విహారముల భోజనశాలలలో ఆమె ప్రతిమ నుంచి నైవేద్యము పెట్టుచుండిరని 7వ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగు వ్రాసెను.

ఇంతటి కథలు గల కొండపైననే చిరకాలము ఒక వింత ఆచారము సాగినది. ఏటేట కనుమనాడు చుట్టుపట్ల జనులు వేలకొలదిగ వచ్చి, బానకడుపువలె నున్న ఒక రాతిని రాక్షసుని కడుపుగా నెంచి రాళ్ళు రువ్వుచుండిరి. వారికి బుద్ధునిపై ద్వేషమా? ఎంతమాత్రము కాదు. ఆ రాయి యెవరి విహారములోనిదో వారికి తెలియదు, అంతే. తాతలు విసరిరి, మనుమలు విసరిరి. గ్రంథాలయములో ఒక పుస్తకము చినిగినచో మరియొక ప్రతిని తెప్పింపవచ్చును. ఈ శిల్పములకు రెండవ ప్రతి లేదు. ప్రాచీన సంపదను కాపాడుటకై పాటుపడు ఇన్‌టాక్ సంస్థవారు కలుగజేసికొన్న పిమ్మట ఆ ఆచారము నిలిచినది.

అచ్చటికి పోవువారు ఉదయమున గాని సాయంకాలమున గాని పోవుట మేలు. నడిమింట సూర్యుడున్నప్పుడు, వానలకు అరిగిన రాతిలో మూర్తులు సరిగా తెలియవు. ఎండ ఏటవాలుగా పడినప్పుడే కనుబొమలు, పెదవులు, ఒడిలోని చేతివ్రేళ్ళు మెల్లగా రూపుకట్టును.