తుప్పు తీయి, పాతతనం తీయకు

బోధన్



నిజామాబాదులో లైసెన్సున్న తుపాకుల దుకాణంలో పనికి కుదిరావని మీ నాన్న చెప్పిండు. సంతోషం. మన దిక్కు చెరుకు తోటల మీద అడవి పందులు పడతాయి. పంట కాపాడుకునే రైతుకు మూతి నుంచి మందు కూరే భర్మార్ తుపాకీ లైసెన్సు ఇవ్వొచ్చని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. అట్లాంటివి నీ దగ్గరికి వస్తాయి. పెద్ద ఇళ్ల నుంచి షికారు రైఫిళ్లూ వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల వాటికి వేట పని లేకుండా పోయింది. ఇప్పుడు వాటి ధరంతా పాతతనానిదే, దాన్ని చెడగొట్టకుండా నిలపడమే నీ పని.

లైసెన్సు చూడందే తుపాకీ ముట్టుకోకు. ఏ తుపాకీ అయినా లోపల మందుగుండు ఉందనే అనుకో. భర్మార్ అయితే గొట్టంలోకి కడ్డీ దించి, మూతి దగ్గర గుర్తు పెట్టు. తర్వాత ఆ కడ్డీని గొట్టం పక్కన బయట ఆనించు. టోపీ పెట్టే చోటు దాకా రాకుండా నాలుగు వేళ్ల ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఇక దాన్ని కదపకుండా మీ ఉస్తాద్‌ను పిలువు.

తుప్పులో రెండు రకాలుంటాయి. వేలికి ఎర్రగా అంటేది ఇనుమును తింటూనే ఉంటుంది, దాన్ని తీయాలి. నల్లగా, గోధుమ రంగులో గట్టిపడినది ఏళ్లు ఇచ్చిన రంగు, దాని జోలికి పోకు. ఎర్ర తుప్పు మీద కుట్టుమిషన్ నూనె రాసి రాత్రంతా వదిలెయ్. పొద్దున నూలుగుడ్డతో తుడువు. మొండికేస్తే పాత రాగి పైసా అంచుతో మెల్లగా గీకు. రాగి ఉక్కు కంటే మెత్తన కాబట్టి గీత పడదు. గరుకు కాగితం మాత్రం వద్దు. దాంతో రుద్దితే కంపెనీ పేరు, చెక్కడం, నంబరు అరిగిపోతాయి. నంబరు లైసెన్సుతో కలవకుంటే ధర పోవడమే కాదు, యజమాని మీద కేసు కూడా అవుతుంది.

కొబ్బరినూనె రాయకు, అది చలికి గడ్డకట్టి జిగురవుతుంది. నల్ల తుపాకీమందు పేలిన గొట్టంలో మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నూనెతో అది పోదు. వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు పల్చగా నూనె రాయి. నూనె ఎక్కువైతే కారి కట్టెలోకి దిగుతుంది, కట్టె మెత్తబడుతుంది. కట్టెకు వార్నిష్ వెయ్యకు. స్క్రూ గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడు, చెదిరిన గాడిని కొనేవాడు మొదటి చూపులోనే పసిగడతాడు. పాత భాగం మార్చాల్సి వస్తే పారేయకు, పొట్లం కట్టి పేరు రాసి తుపాకీతోనే ఇయ్యి.

తోలు సంచిలో దాచొద్దని యజమానులకు చెప్పు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఎన్నికలప్పుడు తుపాకులు పోలీసు స్టేషన్లో జమ చేస్తరు. ఇచ్చే ముందు నూనె గుడ్డతో తుడవాలి, తిరిగి రాగానే మళ్లీ తుడవాలి. ఇంటికొచ్చిన తుపాకీని అట్లనే మూలకు పెడితేనే తుప్పు పడుతుంది.

తిలక్ గార్డెన్ మ్యూజియంలో పాత ఆయుధాలు, డాళ్లు ఉన్నాయి. వీలు చూసుకొని పోయి, వయసు మీరిన లోహం ఎట్లుంటదో కళ్లకు అలవాటు చేసుకో.

కొత్తదాని లెక్క మెరిపించి ఇమ్మని అడిగేవాళ్లు వస్తారు. ఎక్కువ పైసలు ఇస్తామన్నా ఒప్పుకోకు. పోయిన మెరుపును మళ్లీ తేవచ్చు గాని, పోయిన పాతతనాన్ని ఎవరూ తేలేరని వాళ్లకు విడమరిచి చెప్పు.

ఇట్లు,
మీ పెదనాయన