పాఠం 9: కరెంటు పొదుపు – మనసొక్కటే చాలునా?

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• యూనిట్ అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• ఇంట్లోని ఒక సాధనం నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చు చేస్తుందో లెక్క కట్టగలుగుతారు.
• జనం ఇష్టపూర్వకంగా పొదుపు చేయడానికి ఏమి కావాలో వివరించగలుగుతారు.

9.1 పరిచయం
గదిలో ఎవరూ ఉండరు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. "కట్టెయ్యండర్రా!" అని పెద్దవాళ్లు కేక వేస్తారు. ఆ పూటకు ఆగుతుంది. మర్నాడు మళ్లీ మామూలే. ఇది మీకూ అనుభవమే కదా! అయితే జనానికి పొదుపు మీద ఇష్టం లేదనుకోవాలా? తొందరపడి అలా అనకుండా రెండు ఉదాహరణలు చూద్దాం.

9.2 బల్బు మారింది
1000 వాట్ల సాధనం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తును ఒక యూనిట్ అంటారు. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటల చొప్పున 30 రోజులు వెలిగిందనుకోండి.
60 × 5 × 30 = 9000 వాట్ గంటలు, అంటే 9 యూనిట్లు.
దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు 1.35 యూనిట్లు చాలు.

ఈ లాభం ఉన్నా, ధర ఎక్కువ కావడంతో మొదట్లో సామాన్యులు దాన్ని కొనలేకపోయారు. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 'ఉజాలా' పథకం ప్రారంభించింది. బల్బులను ఒకేసారి పెద్దమొత్తంలో కొనడంవల్ల ధర పడిపోయింది. 2014లో రూ. 310 చొప్పున కొన్న బల్బు 2016లో రూ. 40 లోపుకు వచ్చింది. కొన్నిచోట్ల కరెంటు బిల్లుతోపాటు వాయిదాలలో చెల్లించే వీలు కూడా కల్పించారు. ఈ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. వెలుగు తగ్గలేదు, బిల్లు తగ్గింది. అందుకే జనం సంతోషంగా మారారు.

9.3 మోటారు ఆగలేదు
2004లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అయితే కరెంటు వంతులవారీగా, తరచు రాత్రివేళ వచ్చేది. చీకట్లో పొలానికి వెళ్తే పాము భయం, షాకు భయం. అందువల్ల రైతులు మోటార్లకు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మడి నిండినా నీరు పారుతూనే ఉంటుంది. కరెంటు, భూగర్భజలం రెండూ వృథా అవుతాయి.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు ఇవ్వడానికి ముందు, ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. తీసేసిన వారున్నారు, తీయనివారూ ఉన్నారు. తీయనివారిని తప్పుపట్టే ముందు ఆలోచించండి. కరెంటుకు బిల్లు లేనప్పుడు, ఆదా చేస్తే చేతికి మిగిలేది కనబడదు. పక్క పొలంలో మోటారు ఆగకపోతే, మనం మిగిల్చిన నీరు ఆ బోరుకే పోతుందన్న భయం కూడా ఉంటుంది.

9.4 మనం గ్రహించినది
పొదుపుకు మనసు కావాలి. కాని మనసొక్కటే చాలదు. మూడు విషయాలు తోడు కావాలి:
1. లాభం కంటికి కనబడాలి.
2. సాధనం అందుబాటు ధరలో ఉండాలి.
3. భారం అందరిమీద న్యాయంగా పడాలి.

మూడవది మరువకూడదు. 1500 వాట్ల ఏసీ వాడే కరెంటుతో 75 వాట్ల ఫ్యాన్లు 20 తిరుగుతాయి. రెండు బల్బులు, ఒక ఫ్యాన్ ఉన్న ఇంటిని, మూడు ఏసీలున్న ఇంటిని ఒకేలా "తగ్గించండి" అనడం న్యాయం కాదు. తగ్గించుకునే వీలున్నవారు ముందు తగ్గించినప్పుడే మిగతావారికి ఆ మాట వినబుద్ధి అవుతుంది.

అభ్యాసం
1. 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 10 గంటలు తిరిగితే 30 రోజులకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయి?
2. రైతులు ఆటోస్టార్టర్లు ఎందుకు బిగించుకున్నారు?
3. చేసి చూడండి: ఈరోజు సాయంత్రం మీ మీటరు రీడింగు రాసుకోండి. రేపు అదే వేళకు మళ్లీ రాయండి. తేడా ఎంత? అందులో మీ ఇంటివారు ఇబ్బంది పడకుండా తగ్గించగలిగేది ఏమిటో వారితో కూర్చుని చర్చించండి.

జవాబు: 1. 22.5 యూనిట్లు. 2. 9.3 చూడండి.