పండితుణ్ణి పెళ్లాడే ముందు

చి. చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నువ్వు చేసుకుంటానంటున్న పండితుడికీ నీకూ వయసు తేడా ఎక్కువని మీ అమ్మ ఏడుస్తోంది. నాకు గుచ్చుకున్నది మాత్రం నీ మాటే: "ఆయనకి దేనిమీదా నమ్మకం లేదు పెద్దమ్మా, నేను మళ్లీ నవ్విస్తాను." ఆయన నీ పీహెచ్‌డీ గైడు కాదు, అంతవరకు నిశ్చింత.

నీ మాట చదివితే నాకు 'మిడిల్‌మార్చ్' గుర్తొచ్చింది. మీ లైబ్రరీలో ఉంటుంది, తీసి చదువు. 1871-72లో జార్జ్ ఎలియట్ భాగాలుగా వెలువరించిన నవల. డొరొథియాకి ఇరవై నిండలేదు. కాసబన్‌కి నలభై అయిదు దాటాయి. ప్రపంచ పురాణాలన్నిటి గుట్టూ విప్పే మహాగ్రంథం రాస్తానని ఆయన ఏళ్లతరబడి నోట్సు పోగేస్తుంటాడు. ఆ పనిలో చేదోడుగా ఉంటే చాలు, జన్మ ధన్యమనుకుని ఆ పిల్ల ఆయన్ని చేసుకుంటుంది.

పెళ్లయిన కొత్తలో రోమ్‌లో ఉండగా, ఇంత నోట్సు ఉంది కదా, పుస్తకం ఎప్పుడు మొదలుపెడతారని అమాయకంగా అడుగుతుంది. ఆయనకి ఒళ్లు మండుతుంది. తెలియనివాళ్లు తీర్పులు చెప్పకూడదంటాడు. రాయలేనేమోనన్న భయం ఆయన్ని అప్పటికే తినేస్తోంది. అదే అనుమానం పెళ్లాం నోట విన్నట్టనిపించి తట్టుకోలేకపోయాడు. జర్మన్ పండితులు ఆ దారిలో ఎప్పుడో ముందుకెళ్లిపోయారు, ఈయనకేమో జర్మన్ రాదు. చివరికి, తాను పోయాక ఆమె తన బంధువైన కుర్రాడు లాడిస్లాని చేసుకుంటే ఆస్తి దక్కదని విల్లులో రాసి మరీ పోతాడు.

కాసబన్ దుర్మార్గుడేమీ కాదు. చదివి చదివి విసిగినవాడి నిరాశ బయటినుంచి చూస్తే గొప్ప లోతులా కనిపిస్తుంది. కాపురానికి వెళ్లాక దానికి పొద్దస్తమానం మెప్పు కావాలి. ప్రశ్న గిట్టదు.

అలాగని నీ ఆయనా అంతేనని అనను. నువ్వే తేల్చుకో. నీ సెమినార్ పేపర్ ఇచ్చి చూడు. "బాగుంది" అని పక్కన పడేస్తాడా, పెన్సిల్ పట్టుకుని నీతో వాదనకి దిగుతాడా? ఆయన వ్యాసంలో నీకు ఒప్పని ముక్క ఒకటి మొహమాటపడకుండా చెప్పు. ఆ పూట అలిగినా ఫరవాలేదు, మర్నాడు ఆ సంగతి మళ్లీ తనే ఎత్తుతాడేమో చూడు. పెళ్లి ఎప్పుడైనా సరే, నీ పీహెచ్‌డీ ఆపకు. ఆయన నోట్సు ఫెయిర్ చేసే పని నెత్తినేసుకోకు.

సంక్రాంతికి ఆయన్ని తీసుకురా. మీ అమ్మకి నేను నచ్చజెబుతాను. ఆయన్ని మాత్రం ఒకటే అడుగుతాను: మా చిట్టి రీసెర్చి దేనిమీదో కాస్త చెప్పండి అని. నువ్వు పక్కనుంచి అందించకూడదు సుమా.

మీ పెద్దమ్మ