ఒక్క బ్లేడు తేడా

మా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి పడిందంటే జనం నడుం వంచి వజ్రాల కోసం వెతుకుతారు. చిన్న రాయి దొరికితే బతుకు మారుతుందని ఆశ. టర్బైన్ రోటరులోనూ చిన్నదానికి అంత బలముంది, కానీ అక్కడ అది నష్టం చేసే బలం.

డ్రాయింగులో బ్లేడులన్నీ కవలలే. షాపులో అలా రావు. కొలతల్లో టాలరెన్సు, లోహంలో తేడా, వాడకంలో అరుగుదల వల్ల ఒక్కో బ్లేడు సహజ పౌనఃపున్యం ఒకటి రెండు శాతం అటూ ఇటూ అవుతుంది. దీన్నే మిస్‌ట్యూనింగ్ అంటారు.

ఒక శాతం తేడాకి కంపనం కూడా ఒక శాతమే పెరుగుతుంది అనుకుంటాం కదా? అలా జరగదు. బ్లేడులన్నీ ఒకే డిస్కు మీద ఉంటాయి కాబట్టి కంపన శక్తి ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది. అన్నీ ఒకేలా ఉంటే సమానంగా పంచుకుంటాయి. తేడాలుంటే ఆ అల మధ్యలోనే వెనక్కి తిరిగి, కొన్ని బ్లేడుల దగ్గరే పోగుపడుతుంది. క్రమం తప్పిన స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఇలాగే ఒకచోట చిక్కుకుంటాయని ఫిలిప్ ఆండర్సన్ 1958లో చూపించాడు.

ఎంత పోగుపడొచ్చు? 1966లో వైట్‌హెడ్ ఒక హద్దు చెప్పాడు: బ్లేడుల సంఖ్యకు వర్గమూలం తీసి, ఒకటి కలిపి, సగం చెయ్యండి. 25 బ్లేడులకు 3 రెట్లు, 64 బ్లేడులకు 4.5 రెట్లు. ఇది మరీ చెడ్డ సందర్భం లెక్క, మామూలుగా ఇంతకన్నా తక్కువే ఉంటుంది. అయినా ఫెటీగ్‌కి సగటుతో పనిలేదు, ఎక్కువ ఊగే ఒక్క బ్లేడు చాలు.

బ్లేడు విరిగితే ఏమవుతుందో 1993 మార్చి 31న నరోరా అణు విద్యుత్ కేంద్రంలో చూశాం. అక్కడి కారణం వేరే కావచ్చు గానీ, ఫెటీగ్‌తో ఆవిరి టర్బైన్ చివరి వరుసలో విరిగినవి రెండే బ్లేడులు. రోటరు తూకం తప్పింది, హైడ్రోజన్ లీకై మంటలు లేచాయి, కేంద్రమంతా గంటల తరబడి కరెంటు లేకుండా పోయింది.

హాస్టల్లోనే ఒక ప్రయోగం చెయ్యండి. కిటికీ చువ్వల మధ్య అడ్డంగా పురికొస కట్టి, సమానమైన దారాలతో ఆరు నట్లు వేలాడదీయండి. ఒకదాన్ని ఊపితే కాసేపటికి మిగతావీ ఊగుతాయి. ఇప్పుడు ఒక దారాన్ని బాగా పొట్టి చేసి, ఆ నట్టునే ఊపండి. ఊపు చాలావరకు దాని దగ్గరే ఉండిపోతుంది.

తేడా ఎప్పుడూ శత్రువే అనుకోకండి. ఫ్లట్టర్‌ని ఆపడానికి రెండు రకాల బ్లేడులను కావాలనే ఒకటి విడిచి ఒకటి అమర్చే పద్ధతి కూడా ఉంది. ఏ తేడా ఎక్కడుందో కొలిచి తెలుసుకుంటే దాన్ని మన పనికి వాడుకోవచ్చు.