క్రొత్త యింటిలో విద్యుద్దీపముల యమరిక



ఇల్లు కట్టదలచినవారు పునాది లోతును, గుమ్మముల కొలతను గుఱించి నెలల తరబడి యోచింతురు. దీపముల మాట మాత్రము గృహప్రవేశమునకు పది దినములు ముందు జ్ఞప్తికి వచ్చును. అప్పుడు తొందరలో గోడలు చెక్కి తీగలు పఱచుటయు, మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో అగ్గువగా దొరకిన సామాను కొనుటయు జరుగును. ముందుగదిలో వ్రేలాడు అలంకారపు దీపమునకు వేల రూపాయలు వెచ్చించినవారే గోడలోని తీగకును, భూమిలోని ఎర్తునకును వెనుదీయుదురు. దీపము కంటికి కనబడును, తీగ కనబడదు. కాని యింటివారి ప్రాణములను కాపాడునది ఆ కనబడని భాగమే. ఈ పాఠమున చెప్పదలచిన ముఖ్యాంశ మిదియే.

తీగలు పఱచుట అనుమతిపత్రము గల కంట్రాక్టరుచేతనే జరుగవలెనని ప్రభుత్వ నిబంధన. కావున ఈ పాఠము మీరు స్వయముగా ఆ పని చేయుటకు గాక, పని సరిగా జరుగుచున్నదో లేదో చూచుకొనుటకు ఉద్దేశింపబడినది.

1. శ్లాబు వేయుటకు ముందే నిర్ణయము

కాంక్రీటు కప్పులో దీపములకు, పంకాలకు వలయు పైపులను, పెట్టెలను ఇనుప కమ్ములు కట్టిన పిమ్మట, కాంక్రీటు పోయకముందే అమర్పవలెను. పోసిన పిమ్మట గాడి చెక్కినచో కప్పు బలము తగ్గును. కావున శ్లాబు వేయు దినమునకు ముందే కుటుంబమంతయు గూర్చుండి, ఏ గదిలో ఎవరు ఏ పని చేయుదురో తెలిసికొని, దీపముల స్థానములను కాగితముపై గీసికొని, సెంట్రింగు పలకలపై గుర్తులు పెట్టింపవలెను.

వంటయింటి నడుమ నొక్కటే దీపమున్నచో, పొయ్యి యొద్ద నిలిచినవారి నీడ వారి చేతులమీదనే పడును. పొయ్యిగట్టునకు ఎదుటి గోడపై మఱియొక దీపము ఉండవలెను. పంకా రెక్కలకు పైభాగమున దీపమున్నచో గదినిండ నీడలు తిరుగుచు కన్నులకు శ్రమ కలిగించును. కుడిచేత వ్రాయు పిల్లలకు ఎడమవైపునుండి వెలుగు రావలెను. మెట్లకు క్రిందను పైనను స్విచ్చులుండి, ఎచ్చటనుండియైనను దీపము వెలిగించి ఆర్పుటకు వీలుండవలెను. స్విచ్చి పలక తలుపురెక్క వెనుకకు పోకుండ, గడియ వైపున, నేలనుండి సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తున నుండుట మేలు. స్నానపు గది స్విచ్చి గదికి వెలుపలనే యుండవలెను.

2. తీగలు, స్విచ్చులు

ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. ఫేజు, న్యూట్రలు, ఎర్తు అని తీగలు మూడు. మన దేశపు వాడుకలో ఫేజు ఎఱుపు, పసుపు, నీలము రంగులలో నొకటి, న్యూట్రలు నలుపు, ఎర్తు ఆకుపచ్చ. పనివాడు చేతికి దొరకిన రంగు తీగను వాడినచో, పదేండ్ల పిమ్మట మరమ్మతునకు వచ్చిన వేఱొకడు మోసపోవును.

దీపములకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలును. 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5కు తక్కువ కాకుండ, భారమునుబట్టి 4 చదరపు మిల్లీమీటర్లది వేయవలెను. తీగచుట్టపై ఐ.ఎస్. 694 అను ప్రమాణ చిహ్నమును చూచి కొనుడు. దీపములును పంకాలును గల ఒక్కొక్క వలయము 10 పాయింట్లకును 800 వాట్లకును మించకుండుట క్రమము. ప్రతి వలయమునకు వేఱువేఱుగా ఎం.సి.బి. యుండవలెను. తీగ భరింపగల దానికంటె పెద్ద ఎం.సి.బి. పెట్టినచో, ఎం.సి.బి. పడకమునుపే తీగ కాలును.

స్విచ్చి ఎల్లప్పుడును ఫేజు తీగపైననే యుండవలెను. న్యూట్రలుపై నున్నను దీపము వెలుగును, ఆరును. కావున దోషము తెలియదు. కాని దీపమారిన పిమ్మటను హోల్డరులో విద్యుత్తు నిలిచియే యుండును. స్విచ్చి ఆర్పితిమను ధైర్యముతో బల్బు మార్చబోయినవానికి అపాయము కలుగును. స్విచ్చి ఆర్పినను ఎల్.ఇ.డి. బల్బు మినుకుమినుకుమనుచుండుట యీ దోషమునకు సూచన కావచ్చును, వెంటనే పరీక్షింపజేయుడు.

3. ఎర్తు, ఆర్.సి.సి.బి.

లోహపు దీపపు తొడుగునకు, పంకాకు, మోటారునకు ఎర్తు తీగ తప్పక కలుపవలెను. లోపలి తీగ తెగి లోహమునకు తగిలినప్పుడు విద్యుత్తు మనుష్యుని గుండ గాక ఆ తీగ గుండ భూమిలోనికి పోవును. ఎర్తు గొట్టమును గోడకు నాలుగైదడుగుల దూరమున, తేమ నిలుచుచోట పాతింపవలెను. వేసవిలో నేల యెండినప్పుడు గొట్టము చుట్టు నీరు పోయుచుండవలెను.

రెండు దురాచారములను మానవలెను. ఎర్తు లేనిచోట న్యూట్రలు తీగనే లోహపు తొడుగునకు కలుపుట మొదటిది. ఎక్కడనైన న్యూట్రలు తెగినచో ఆ తొడుగంతయు విద్యుత్తుతో నిండును. స్తంభమునుండి ఫేజు నొక్కటే తెచ్చి, నేలలో కమ్మి పాతి, దానినే న్యూట్రలుగా వాడుకొనుట రెండవది. ఆ కమ్మి చుట్టునున్న తడినేలపై కాలిడినవారికిని, పశువులకును ప్రాణహాని కలుగవచ్చును.

ఎర్తుతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను రక్షక యంత్రమును మెయిను పెట్టెలో పెట్టింపుడు. ఫేజులో పోయిన విద్యుత్తు న్యూట్రలులో పూర్తిగా తిరిగి రానిచో, అనగా ఎచ్చటనో భూమిలోనికి కారుచున్నచో, అది క్షణములో సరఫరాను ఆపును. దానిపైనున్న పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూడవలెను. నొక్కినను పడనిచో అది పనికిరాదు. ఒక చేత ఫేజును, మఱియొక చేత న్యూట్రలును పట్టుకొన్నవానిని ఈ యంత్రము కాపాడజాలదని గుర్తుంచుకొనుడు.

4. దీపముల యెన్నిక

9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పూర్వపు 60 వాట్ల బల్బుతో సమానమైన వెలుగు నిచ్చును. ఆరు దీపములు దినమునకు 5 గంటలు వెలిగినచో, 30 దినములకు పాత బల్బులు 54 యూనిట్లు తినును, ఎల్.ఇ.డి.లు 8 యూనిట్లకు కొంచెము మించి తినును. కొనునప్పుడు వాట్లతోపాటు పెట్టెపైనున్న ల్యూమెన్ల సంఖ్యను చూడవలెను. వెలుగును కొలుచునది అదియే. 2700, 3000 కెల్విన్ల దీపము పసుపు కాంతిని, 6500 కెల్విన్లది తెల్లని కాంతిని ఇచ్చును. పడకగదికి మొదటిదియు, వంటయింటికిని చదువు గదికిని తెల్లనిదియు అనుకూలములు.

5. గొడ్లసావిడి, పెరడు

సావిడిలో దుమ్ము, తేమ, గడ్డి యుండును. అచ్చట మూతగల దీపమును, పశువుల కొమ్ములకు అందని యెత్తున, గడ్డివామికి దూరముగా పెట్టవలెను. తీగ పైపులోనుండియే పోవలెను. పెరటి దీపము వాననీటిని నిరోధించునదై యుండవలెను.

స్తంభమునుండి ఇంటికి వచ్చు తీగను మోయు ఇనుప తీగకు గాని, దానిని కట్టిన కొక్కెమునకు గాని బట్టలారవేయు తీగను ఎన్నడును కట్టరాదు. పైతీగ తొడుగు ఎండకు చిట్లినచో విద్యుత్తు ఆ యినుపతీగ గుండ తడిబట్టలలోనికి దిగును. బట్టలకు ప్లాస్టిక్కు తాడో, నారతాడో వాడుడు.

ఎవరైనను విద్యుద్ఘాతమునకు లోనైనచో వారిని చేత ముట్టక మొదట మెయిను ఆపవలెను. ఇంటి మెయిను అందనిచో ఎండిన కఱ్ఱతో తీగను తొలగింపవలెను. స్తంభముపైనుండి తెగిపడిన తీగయైనచో దూరముగా నిలిచి, విద్యుత్ సిబ్బందికి వార్త నంపవలెను.

6. అప్పగింతకు ముందు పరీక్ష, సంఘము పని

పని ముగిసిన పిమ్మట మెగ్గరు అను పరికరముతో తీగల తొడుగు పటుత్వమును, ఎర్తు పనితనమును కంట్రాక్టరుచే పరీక్షింపజేసి, కొలతలను వ్రాతమూలకముగా తీసికొనవలెను. గోడలకు పూత పూయకముందే పైపులు పోయిన మార్గములను చిత్రము గీసి దాచుకొన్నచో, తరువాత మేకు కొట్టునప్పుడు అపాయముండదు.

ఒక యేట ఇండ్లు కట్టుకొను సభ్యులు పదిమంది కలిసి, ప్రమాణ చిహ్నముగల తీగచుట్టలను టోకున కొనవచ్చును. సంఘము ఒక మెగ్గరును కొని ఉంచవచ్చును. సహకారమునకు విద్యుత్తు క్రొత్త విషయము కాదు. 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము పల్లెలకు విద్యుత్తును అందించినది. ఊరికి దీపములు తెచ్చిన సహకారము, ఇంటిలోని దీపములను నిరపాయముగా నిలుపుటకును చాలును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు:

1. మీ యింటి స్విచ్చులు ఫేజుపైననే యున్నవా? ఎవరు పరీక్షించిరి?
2. మీ ఎర్తు గొట్టము ఎచ్చట నున్నదో ఇంటిలోని వారందఱకు తెలియునా?
3. మన గ్రామమున బట్టలారవేయు ఇనుపతీగలు ఎన్ని యిండ్లలో విద్యుత్ తీగ కొక్కెములకు కట్టబడియున్నవి?