ఎఫ్‌టీఓ జన్యువు పనితీరు – వరిలో పెరిగిన పిలకలు, చెరకులో తేలవలసిన అంశాలు

ఉపోద్ఘాతం

పూర్వపు విశాఖపట్నం జిల్లాలోను, ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలోను ఉన్న చోడవరం ప్రాంతంలో చెరకు ప్రధాన వాణిజ్య పంట. కోతకు నిలిచే గడల సంఖ్య, గడ బరువు చెరకు దిగుబడిని నిర్ణయిస్తాయి. గడల సంఖ్యకు మూలం పిలకలు. వరిలో పిలకలను పెంచిన ఎఫ్‌టీఓ అనే మానవ జన్యువు పనితీరు చెరకు రైతుకు ఎంతవరకు ఉపయోగపడగలదో పరిశీలించవలసి ఉన్నది.

జన్యువు పనితీరు

ఆర్‌ఎన్‌ఏలోని కొన్ని అడినోసిన్ అణువులకు మిథైల్ సమూహం చేరినప్పుడు ఎం6ఏ అనే రసాయనిక గుర్తు ఏర్పడుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ కణంలో ఎంతకాలం నిలుస్తుంది, దాని నుండి ఎంత ప్రోటీన్ తయారవుతుంది అనే అంశాలను ఈ గుర్తు ప్రభావితం చేస్తుంది. కొన్ని ఎంజైములు దీనిని చేరుస్తాయి, మరికొన్ని తొలగిస్తాయి. మానవుని 16వ క్రోమోజోముపై గల ఎఫ్‌టీఓ జన్యువు నుండి తయారయ్యే ఎంజైము రెండవ కోవకు చెందినది. 2007లో ఈ జన్యువుకు ఊబకాయంతో గల సంబంధం వెల్లడైనది. అది ఆర్‌ఎన్‌ఏ నుండి ఎం6ఏను తొలగిస్తుందని 2011లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చువాన్ హె బృందం నిరూపించింది.

వరి, బంగాళదుంపలలో ఫలితాలు

మొక్కలకు ఎం6ఏను తొలగించే సొంత ఎంజైములు ఉన్నప్పటికీ ఎఫ్‌టీఓ లేదు. ఈ జన్యువును ప్రవేశపెట్టిన వరిలో గింజ దిగుబడి హరితగృహంలో మూడు రెట్లకు పైగా పెరిగినట్లు 2021లో నేచర్ బయోటెక్నాలజీ పత్రిక ప్రచురించింది. క్షేత్ర ప్రయోగాలలో వరి, బంగాళదుంపల దిగుబడి సుమారు 50 శాతం పెరిగింది. వేరు కొనలలో కణ విభజన, పిలక మొగ్గలు, కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యం, బెట్టను తట్టుకొనే శక్తి పెరిగాయి. మొక్క ఎత్తు మాత్రం మారలేదు.

చెరకులో పరిశీలించవలసినవి

వరిలో పిలక వెన్ను వేస్తే గింజ దక్కుతుంది. చెరకులో తొలి దశలో వచ్చిన పిలకలలో చాలా భాగం వెలుతురు చాలక చనిపోతాయి. ఆలస్యంగా వచ్చిన పిలకలు కోత నాటికి పక్వానికి రాక రసంలో పంచదార శాతాన్ని తగ్గిస్తాయి. కాబట్టి పిలకల సంఖ్యతో పాటు కోతకు నిలిచిన గడలు, రస నాణ్యత, పడిపోయే గుణం, కార్శి తోట దిగుబడి కొలవాలి. చెరకులో నూరుకు పైగా క్రోమోజోములు, ప్రతి జన్యువుకు అనేక ప్రతులు ఉండటం వలన దాని సొంత జన్యువులను సవరించి ఇదే ఫలితం సాధించడం కష్టం.

ముగింపు

మానవ జన్యువు గల పంటను తింటే ఊబకాయం వస్తుందా అనే సందేహం సహజం. తిన్న జన్యువు, ప్రోటీన్ జీర్ణవ్యవస్థలో విచ్ఛిన్నమవుతాయి. అయినప్పటికీ జన్యుమార్పిడి పంటకు ఆహార, పర్యావరణ భద్రతా పరీక్షలు, ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అంతవరకు పిలకలను నిలబెట్టే సాధనాలు రైతు చేతిలోనే ఉన్నాయి: ఆరోగ్యకరమైన విత్తనం, సకాలంలో నత్రజని, తొలి దశలో తగిన తడులు, మట్టి ఎగదోయడం, జడచుట్లు కట్టడం.